పాత కొలిమి, పోత ఇనుము

ఈ సాయంకాలము నేను ముచ్చటింపదలచిన విషయము పోత ఇనుమును కోయుట. వినుటకు ఇది మిక్కిలి చిన్న సంగతి. ఇనుము ఇనుమే గదా, రంపము పెట్టినచో తెగకుండునా యని శ్రోతలలో కొంద రనుకొనవచ్చును. తెగును, సందేహము లేదు. అయితే మనము గీచిన గీత వెంబడి తెగునా, లేక మనము కోరనిచోట పగులునా యనునదే చిక్కు. చేత ఇనుము తప్పుచేసినవానిని క్షమించును. వంగినదానిని కాచి తిరిగి సరిచేయవచ్చును. పోత ఇనుము క్షమింపదు.

సంగారెడ్డినుండి హైదరాబాదు పోవు రాజమార్గమును చూచినవారికి ఆ ప్రాంతమును గూర్చి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. రామచంద్రాపురమున 1960 నాటి దశాబ్దిలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము వెలసినది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పడిన పిమ్మట పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము మొదలగు చోట్ల పొలములు పోయి షెడ్లు లేచినవి. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమునకు పునాది పడినది. ఈ మార్పులో కమ్మరి ఇండ్ల బిడ్డలు పలువురు ఫిట్టర్లు, వెల్డర్లు, లేతు పనివారు అయిరి. ఇందులో వింత లేదు. తరతరములుగా ఇనుముతో మాటలాడిన చేతులు గనుక కర్మాగారపు ద్వారమున వారిని ఎవరును కాదనలేదు. నేనును ఆ కర్మాగారములలో ఒకదానియందు పనిముట్ల శాఖలో చాలకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను.

అయినను పల్లెలయందు కొలుములు పూర్తిగా చల్లారలేదు. నాగటి కర్రులు తగ్గినవి, బండిచక్రపు పట్టాలు ఇంచుమించు మాయమైనవి. కాని గడ్డపార మొన నేటికిని అరుగుచునే యున్నది. రాళ్లుకొట్టువారి ఉలులు మొద్దుబారుచునే యున్నవి. ఇండ్లకు గేట్లు, కిటికీలకు ఊచలు కావలసియే యున్నవి. సంగారెడ్డికి సమీపముననున్న ఒక గ్రామమున నే నెరిగిన కమ్మరి యొకడు ఈ పనులతోడనే జీవించుచున్నాడు. అతని కుమారుడు పాశమైలారమున కంట్రాక్టు కూలి. కొలిమిని పాత ఇనుపవానికి తూకము వేసి తనవద్దనే ఉండుమని కుమారుడు అనేక పర్యాయములు చెప్పెనట.

ఆ కొలిమి నేలలో త్రవ్విన గుంటయు, తోలుతిత్తులును గల పాతకాలపుది కాదు. మూడు కాళ్లపై నిలిచిన పోత ఇనుప పళ్లెము, అడుగున గాలిగొట్టము, ప్రక్కన చేతితో త్రిప్పు పంకా. వంతెనలు కట్టునప్పుడు రివెట్లు కాచుటకై ఇటువంటి కొలుములను పూర్వము వాడెడివారు. అతని తండ్రి దానిని హైదరాబాదులో పాత సామానులవానివద్ద కొనెనట. పళ్లెము అడ్డకొలత రెండడుగులు, అంచు ఎత్తు నాలుగంగుళములు, మందము పావంగుళము.

రివెట్టు చిన్నది, దానిని నిప్పులో పడవేసి పట్టకారుతో తీయుదురు గనుక అంచు ఎత్తుగా ఉన్నను బాధ లేదు. గడ్డపార సంగతి వేరు. నాలుగైదడుగుల కడ్డీని అంచుమీద ఆనించినచో వెనుకభాగము పైకి లేచి, మొన క్రిందికి వంగి, గాలి వచ్చు రంధ్రము దాపునకు పోవును. నిప్పులో అన్ని తావులు సమానములు కావు. గాలి నేరుగా తగులుచోట ప్రాణవాయువు మిక్కుటముగా నుండుటచే ఇనుము కాగుటకు మారుగా కాలును. నిప్పురవ్వలు చిమ్ముచు మొన కరగిపోవును. దానికి మూడు నాలుగు అంగుళములపైన, బొగ్గు ప్రాణవాయువును త్రాగివేసిన తావున, మంచి వేడిమి కలదు. కడ్డీ అడ్డముగా, బల్లపరుపుగా ఆ తావుగుండా పోవలెను. అట్లు పోవుటకు అంచున ఎదురెదురుగా రెండు గండ్లు కావలెను. అప్పుడు గేటు కడ్డీని నడుమ కాచి వంచుటయు సాధ్యమగును. ఎత్తైన అంచు వలన ఆ కమ్మరి నడుమ వంపు గల పనులన్నిటిని వదలుకొనుచుండెను. గ్రామమున దేవాలయపు ప్రాకారమునకు కావలసిన కటకటాలపని అతనికి రాబోవుచుండెను. గండ్లు లేకున్న అదియు వెల్డింగు దుకాణమునకు పోవును.

అతడు నాతో అన్నమాట నాకు జ్ఞాపకమున్నది: "సారూ, గిది మా నాయిన తెచ్చింది. పలిగిందంటె ఇగ కొలిమి లేదు, నేను లేను. కొయ్యొచ్చునంటెనే చెయి పెడుదాం." నేను వెంటనే బదులు చెప్పలేదు. ముందు పళ్లెమును చూడవలెనంటిని.

ఇచ్చట ఇనుము జాతులను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. చేత ఇనుము, ఉక్కు, పోత ఇనుము అను మూడును ఒకే లోహము. వీనికిగల భేద మంతయు బొగ్గులో, అనగా కర్బనములో నున్నది. చేత ఇనుమున అది నూటికి పదియవ పాలు కూడ ఉండదు. ఉక్కులో ఇంచుమించు రెండు పాళ్లవరకు ఉండవచ్చును. రెండు దాటినచో పోత ఇనుము. సాధారణముగా మూడు, మూడున్నర. కర్బనము పెరిగినకొలది లోహము తక్కువ వేడిమికే కరగును. మెత్తని ఉక్కు కరగుటకు ఇంచుమించు 1,500 డిగ్రీలు కావలెను. పోత ఇనుమునకు 1,150 నుండి 1,200 వరకు చాలును. అందుచేతనే దానిని నీరువలె అచ్చులలో పోయగలిగిరి. చీనా దేశమువారు క్రీస్తునకు పూర్వమే దీనిని పోసిరి. ఇంగ్లండులో 1709లో అబ్రహాము డార్బీ రాక్షసిబొగ్గునుండి చేసిన కోకుతో కరగించిన తరువాత లోకమంతట చౌకయైనది.

మన తెలంగాణమునకు ఈ లెక్క క్రొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించెడివారు; పారశీక వర్తకులు దానికొరకు వచ్చెడివారు. వాయిసీ యను ఆంగ్ల వైద్యుడు దానిని చూచి వ్రాసిన వృత్తాంతము అతని మరణానంతరము 1832లో అచ్చయినది. ఆ ఉక్కులో కర్బనము ఒకటిన్నర పాలు దరిదాపులలో నుండును. ఐరోపా కమ్మరులు పలువురు దానిని తమ అలవాటు చొప్పున తెల్లగా కాచి కొట్టగా అది సమ్మెటక్రింద బెల్లపుగడ్డవలె పొడియైనది. ఎఱ్ఱని వేడిమిలో, నెమ్మదిగా, పలుమార్లు కొట్టవలెనను మర్మము మన కమ్మరులకు తెలిసియుండెను. ఉక్కునకు పోత ఇనుమునకు నడుమనున్న సరిహద్దును మనవారు గ్రంథములు చదివి కాక చేతి స్పర్శచే నెరిగిరి.

పోత ఇనుమునందు ఆ కర్బనములో ఎక్కువభాగము సన్నని రేకులుగా లోహములో చెదరియుండును. పెన్సిలులో నుండు పదార్థమే యది. విరిచిచూచిన బూడిదవన్నెగా కనబడుట దానివలననే. ఆ రేకులకు బలము లేదు. ఒక్కొక్క రేకు ఒక్కొక్క చిన్న పగులు వంటిది. కావున పోత ఇనుము అణచినచో ఎంత బరువైనను మోయును గాని, లాగినను వంచినను విరుగును. అణచుటకు ఓర్చు బలములో మూడవ పాలో నాల్గవ పాలో మాత్రమే లాగుటకు ఓర్చును. మేలును కలదు: ఆ రేకులే కోతలో నూనెవలె పనిచేయును. పోత ఇనుమును కోయునప్పుడు, రంధ్రము వేయునప్పుడు నూనె పోయనక్కరలేదు. పోసినచో నల్లని పొడి బురదయై పండ్లను పట్టుకొనును.

పటాన్‌చెరువు దారిలో ఏ మూల చూచినను గ్యాసు కోతవాడు కలడు. ఆ కమ్మరికి బంధువైన మరియొక కమ్మరి తన పళ్లెమును అట్టి దుకాణమునకు తీసికొనిపోయెను. ఆ దుకాణపు పేరు మనకు పనిలేదు. జ్వాలతో గండి కోసిరి. కోసిన అంచు మైనము కారినట్లు ముద్దలు ముద్దలుగా నుండెనట. మరునాటి ఉదయమునకు గండి మూలనుండి నడుమవరకు వెంట్రుకవంటి పగులు. నాలుగవ నిప్పునకు పళ్లెము రెండు ముక్కలు. ఆ మనిషి ఇప్పుడు ఒక గిడ్డంగికి కావలివాడుగా పోవుచున్నాడు.

ఎందుకిట్లయినది? ఉక్కును గ్యాసుతో కోయుట యనగా కరగించుట కాదు, కాల్చుట. ఎఱ్ఱగా కాగిన ఉక్కుమీద ప్రాణవాయువును చిమ్మగా అది కాలి చిట్టెమగును. ఆ చిట్టెము ఉక్కుకంటె ముందుగా కరగి గాలితోడ కొట్టుకొనిపోవును. పోత ఇనుమున ఇది తలక్రిందులు. లోహము ముందు కరగును, దాని చిట్టెము కరగదు. లోపలి కర్బనమును సిలికనును అడ్డుపడును. కనుక కోత పడదు, ముద్ద యగును. పైగా జ్వాల తగిలినచోట మాత్రము కాగి, చుట్టును చల్లగా నుండుటచే లోపల ఈడ్పు పుట్టును. త్వరగా చల్లారిన అంచు గాజువంటి తెల్ల ఇనుముగా మారును; దానిమీద ఆకురాయి కూడ జారిపోవును. జ్వాలను ఊపుచు పోత ఇనుమును కోయగల నేర్పరులు లేకపోలేదు. వారు పెద్ద దిమ్మలను తుక్కుకై కోయుదురు. తిరిగి వాడవలసిన పలుచని పళ్లెమును కోయరు.

ఇక మా పని. మొదట పళ్లెమును బోర్లించి, మసి గోకి, చిన్న కఱ్ఱసుత్తితో తట్టి చూచితిమి. గంటవలె మ్రోగినది. పగిలిన కుండను తట్టిన మీకందరకు బొద్దుధ్వని తెలియును, అది వినబడలేదు. అంతటితో తృప్తిపడక కిరసనాయిలు పూసి, కొంతసేపటికి గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి అద్దితిమి. పగులున్నచో అందులో దాగిన నూనె సుద్దలోనికి ఊరి గీతవలె కనబడును. అంచున నేమియు లేదు. నడుమ, గాలిరంధ్రము చుట్టు, వ్రేలెడు పొడవున ఒక గీత కనబడినది. ఏండ్ల తరబడి కాగిన పోత ఇనుము లోలోపల ఉబ్బి గుల్లబారును. అది కాగినచోటనే మొదలగును. ఆ పగులు చివర చిన్న రంధ్రము వేసితిమి. పగులు మొన వాడిగా నున్నంతకాలము ముందునకు ప్రాకును. గుండ్రని రంధ్రము చేరినచో అచ్చట ఆగును. ఇనుప పనిలో ఇంతకంటె చవుకైన వైద్యమును నే నెరుగను.

అంచున ఒకచోట ఆకురాయితో రుద్దితిని. పైపొర గట్టిగా నుండెను. అది అచ్చులోని ఇసుక అంటుకొని త్వరగా చల్లారిన చర్మము. దాని క్రింద ఆకురాయి చక్కగా తెగినది, నల్లని పొడి రాలినది. ఆ పొడిని చూచి ధైర్యము తెచ్చుకొని, కోయవచ్చునంటిని. ఆకురాయి జారియుండినచో నేను ఆ పని ముట్టియుండను.

గోనెసంచిలో ఊక నింపి, దానిపై పళ్లెమును పరుండబెట్టితిమి. గట్టి బల్లపై రెండుచోట్ల మాత్రము ఆనినచో వంగుడు పుట్టును. ఊకసంచి అంతటను సమముగా మోయును. గండి వెడల్పు అయిదంగుళములు, లోతు రెండున్నర. అనగా అడుగున ఒకటిన్నర అంగుళము అంచు మిగులును. దానిని తీసివేయరాదు, పళ్లెమునకు అదియే మొలత్రాడు. సుద్దతో గీచి, గండి క్రింది రెండు మూలల అరంగుళపు రంధ్రములు వేసితిని. ముందు సన్నని రంధ్రము, తరువాత పెద్దది. డ్రిల్లు మెల్లగా త్రిప్పి, అవతలికి దిగునప్పుడు ఒత్తిడి వదలవలెను, లేనిచో వెనుకవైపు పెళ్ల లేచును. ఈ మూల రంధ్రములే సగము పని. వాడియైన మూల విడిచినచో పగులునకు మనమే ద్వారము తెరచినట్లు.

పిమ్మట చేతి గ్రైండరుతో, పలుచని చక్రము వేసి, నిలువు గీతలు కోసితిని. ఒకేమారు లోతుగా దింపక, గోరుమందము చొప్పున పలుమార్లు నడిపితిని. చేయి పెట్టి చూచుచు, వేడిగా తోచినప్పుడెల్ల ఆగితిమి. కమ్మరి ఊరకుండక పళ్లెపు అవతలివైపు అరచేయి ఉంచి, "ఆగుండ్రి", "ఊఁ, కొయ్యుండ్రి" అనుచుండెను. వేడిమి నెరుగుటలో అతని అరచేతికంటె నమ్మదగిన యంత్రము మావద్ద లేదు.

రెండంగుళములు దిగునప్పటికి కోసిన సందు కొంచెము మూసికొనుట కనబడెను. ఇది ముఖ్యము. పళ్లెము నడిభాగము ఏండ్లుగా కాగుచు చల్లారుచు కుదించుకొనిపోయి, అంచును లోనికి ఈడ్చుచుండును. అంచు తెగగానే ఆ ఈడ్పు సందును మూయును. సందులో చిక్కిన చక్రము పగిలి ఎగిరిపోవచ్చును, గ్రైండరు వెనుకకు తన్నవచ్చును. నిమిషమునకు పదివేల చుట్లు తిరుగు చక్రపు ముక్క కంటికి తగిలిన గతి చెప్పనేల? వెంటనే గ్రైండరు ఆపి, సందులో సన్నని రేకు దోపి, మిగిలినది చేతిరంపముతో కోసితిమి. అదియుగాక చక్రము గుండ్రనిది. లోపల గీత పూర్తియగులోపల వెలుపల గీత దాటిపోవును. మూలకు అరంగుళము ముందే దానిని ఆపి చేతిరంపము పట్టవలసినదే.

అడుగుగీతయు అట్లే. తుదకు వెంట్రుకవాసి మిగిలినప్పుడు సుత్తితో ఒక్కదెబ్బ వేసి ఊడగొట్టవలెనను ఆశ ఎవరికైనను పుట్టును. దాని నణచుకొని చివరివరకు రంపముతోనే కోసితిమి. ఒక్కొక్క గండికి ఒక పూట పట్టినది. గ్యాసు దుకాణమున రెండు నిమిషములపని. నల్లని పొడి మావారి ముఖములను గుర్తుపట్టరాకుండ చేసినది. ముక్కునకు తడిగుడ్డ చాలదు, తగిన ముసుగు కావలెను. అచ్చు ఇసుక కలిసిన పొడి ఊపిరితిత్తులకు శత్రువు. ఆ పొడి విద్యుత్తును ప్రసరింపజేయునది గనుక గ్రైండరు గాలిరంధ్రములను గూడ మాటిమాటికి ఊదుచుండవలెను.

అంచులను ఆకురాయితో గుండ్రముగా దిద్దితిమి. గండి వెలుపలివైపున మెత్తని ఉక్కు పట్టీని ఆ కమ్మరియే కాచి, వంచి, పళ్లెపు వంపునకు సరిపోవునట్లు చేసెను. ఈ పనిలో నేను ప్రేక్షకుడను. దానిని బోల్టులతో బిగించితిమి. పట్టీ రంధ్రములను కొంచెము పొడవుగా చేసితిమి. రెండు లోహములు ఒకే తీరున కాగవు గనుక కదలుటకు చోటుండవలెను. నికెలు కడ్డీతో వెల్డింగు చేయవచ్చును గదా యని అతని కుమారుడు అడిగెను. చేయవచ్చును, పళ్లెమంతయు ముందు కాచి, చేసిన పిమ్మట బూడిదలో పాతి ఒక దినము చల్లార్చగలిగినచో. బోల్టునకు ఆ పూజ లేదు, వలసినప్పుడు విప్పవచ్చును.

గాలిరంధ్రపు జల్లెడను గూడ మార్చితిమి. మన సింగరేణి బొగ్గున బూడిద హెచ్చు. 1871లో డాక్టరు కింగు ఆ బొగ్గును కనుగొన్ననాటినుండి రైళ్లకును విద్యుత్కేంద్రములకును అది పనికివచ్చినది గాని, కొలిమిలో చిట్టెము కట్టి గాలి దారిని మూయును. పాత జల్లెడకు చిన్న గుండ్రని రంధ్రము లుండెను. వాని స్థానమున పొడవైన మూడు సందులుగల ఉక్కు బిళ్లను అమర్చి, క్రింద బూడిద రాలుటకు తలుపుపెట్టితిమి. ఇప్పుడు గడియకొకసారి ఊచతో కెలికిన చాలును.

పళ్లెము లోపల చెఱువుమట్టి, ఇసుక, కొంచెము ఊక కలిపి అంగుళము మందమున పూసితిమి. మూడు దినములు నీడన ఆరవలెను. ఎండలో పెట్టినచో బీటలు వారును. నాలుగవనాడు పుల్లలతో చిన్ననిప్పు, తరువాత కఱ్ఱబొగ్గు, సాయంకాలమునకు రాక్షసిబొగ్గు. గడ్డపార రెండు గండ్లలో బల్లపరుపుగా పండుకొన్నది. సుద్దయు కిరసనాయిలును మరల ప్రయోగించి చూచితిమి; క్రొత్త గీత ఏదియు కనబడలేదు. కటకటాలపని అతనికే వచ్చినది.

అతనికొక అలవాటు కలదు, కమ్మరులందరకు నున్నదే: నిప్పు వ్యాపింపకుండ చీపురుతో నీళ్లు చల్లుట. కాగిన పోత ఇనుముపై చన్నీరు పడినచో మా శ్రమయంతయు ఒక్క చిటుకుతో పోవును. గండ్లవద్ద మట్టిపూత పలుచన. అచ్చటికి నీరు రానీయవద్దని చెప్పితిని. అతడు చీపురును మూలబెట్టి, చిల్లుల డబ్బా యొకటి చేసికొని, నడి నిప్పుచుట్టునున్న బొగ్గుపై మాత్రము చుక్కలు చుక్కలుగా పోయుచున్నాడు. మట్టిపూత ఊడినచోట నెలకొకసారి మరల మెత్తుచున్నాడు.